మిక్సీ తిరిగితే ఆరిపోయిన తెర

మా బామ్మర్ది బిగించిన కంప్యూటర్ ఒట్టి డబ్బా అని నేను పదిమందిలో అన్నాను. అది నిజం కాదు. అన్న రోజున నిజం కాదని నాకు తెలియదు. తెలిసిన తర్వాత సగమే దిద్దాను. మిగతా సగం ఎంత ఆలస్యంగా దిద్దానో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

అయితే ఒక సంగతి దాచుకోలేను. అసలు లోపం ఎక్కడుందో దొరికిన ఆ శనివారం మధ్యాహ్నం ఉంది చూశారూ, అంత హుషారైన మధ్యాహ్నం నా నడివయసులో మరొకటి లేదు. తలుచుకుంటే ఇప్పటికీ కుర్చీలో నిలకడగా కూర్చోలేను. సిగ్గూ సంబరమూ ఒకే జ్ఞాపకంలో చిక్కుపడి ఉన్నాయి. ఒకటి చెప్పాలంటే రెండోది కూడా చెప్పాల్సిందే.

మేముండేది సముద్రాల అవతల ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో, ఒక అపార్ట్‌మెంట్ పై అంతస్తులో. నేను, నా భార్య, హైస్కూల్లో చదివే మా అమ్మాయి. అమ్మాయికి బొమ్మలు గీసి వాటిని కదిలించే పిచ్చి. పిల్లి గోడ దూకడం గీయడానికి వారం పట్టినా విసుగు రాదు. లాప్‌టాప్ దానికి చాలలేదు. అప్పుడు రంగంలోకి దిగాడు నా భార్య తమ్ముడు.

అతను మాకు అరగంట దూరంలో ఉంటాడు. జీతం ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించినందుకు వస్తుంది కానీ, ప్రాణమంతా విడిభాగాలు తెప్పించి కంప్యూటర్లు బిగించడం మీదే. ఒక వేసవి శనివారం అట్టపెట్టెలన్నీ కార్లో వేసుకొచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచాడు.

"అక్కా, పాత పోపుల డబ్బా ఏదైనా ఉందా?"

"ఎందుకురా?"

"స్క్రూలు వేసుకోడానికి. సైజుకో గిన్నె."

"ఆవాల గిన్నెలో మేకులేమిట్రా, ఖర్మ!" అంటూనే నా భార్య అటక మీది డబ్బా దించి ఇచ్చింది.

నన్ను కూడా పిలిచాడు. "బావా, ఒక చెయ్యి వెయ్యొచ్చుగా."

"నాది సాఫ్ట్‌వేర్ రా. ఈ మెకానిక్ పనులు మీలాంటి వాళ్ళకి."

"సరే, కనీసం టీ అయినా పెట్టు. అది సాఫ్ట్‌వేరేగా!"

సాయంత్రానికి ఆ పెట్టెలో దీపాలు వెలిగి, తెర మీద మొదటి వెలుతురు పడినప్పుడు అమ్మాయి ఎగిరి మామయ్య మెడ పట్టుకుని వేలాడింది. వంటింటి గట్టుకి అవతలి వైపు ఒక చిన్న బల్ల ఉంది. కంప్యూటర్‌ని దాని మీద పెట్టాం. బల్ల గట్టుకి ఆనుకుని ఉండేది. అమ్మాయి గీసుకుంటూ, వంట చేస్తున్న వాళ్ళమ్మతో కబుర్లు చెప్పేది. వేసవంతా, ఆకులు రంగు మారేదాకా, అది గుర్రంలా పనిచేసింది.

తర్వాత మొదలైంది గొడవ. అమ్మాయి గీస్తూ ఉండగా తెర ఒక్కసారిగా నల్లబడేది. కాసేపటికి దానంతటదే తిరిగి వచ్చేది. ఒక్కోసారి తెరంతా ఆకుపచ్చ చుక్కలు చల్లినట్టయ్యేది. ఒక్కోసారి ఏమీ రాకుండా, 'నో సిగ్నల్' అన్న చిన్న పెట్టె మాత్రం ఆ నల్లటి తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూ ఉండేది. లోపల కంప్యూటర్ మాత్రం నిక్షేపంగా నడుస్తూనే ఉండేది. పెట్టిన పాట ఆగేది కాదు. కళ్ళు పోయి చెవులు మిగిలినట్టు.

నేను నడుం కట్టాను. సాఫ్ట్‌వేర్ వాడిని కదా, మొదట అనుమానించింది డ్రైవర్‌నే. డ్రైవర్ అంటే తెరకి ఏం చూపించాలో చెప్పే చిన్న ప్రోగ్రాం. కొత్తది తీసేసి పాతది వేశాను. పాతది తీసేసి ఇంకా పాతది వేశాను. మొత్తం విండోస్‌ని తుడిచి మళ్ళీ ఎక్కించాను. తెర మళ్ళీ పోయింది. కేబుల్ కొత్తది కొన్నాను. పోయింది. మానిటర్ కొత్తది తెచ్చాను. దాని మీద కూడా పోయింది! ఆ మానిటర్‌ని తిరిగి ఇచ్చేసేటప్పుడు కౌంటర్‌లో పనిచేసే పిల్ల కారణం అడిగితే, ఏం చెప్పాలో తెలియక రంగు నచ్చలేదన్నాను. నల్ల మానిటర్ రంగు నచ్చకపోవడమేమిటని ఆ పిల్ల వింతగా చూసింది.

పెట్టెని హాల్లోకి మోసుకెళ్ళి టీవీకి తగిలిస్తే సాయంత్రమంతా బ్రహ్మాండంగా నడిచింది. తీసుకొచ్చి బల్ల మీద పెట్టగానే మళ్ళీ మొదలు.

"బల్లకి దిష్టి తగిలిందండీ," అంది నా భార్య.

ఒక రోజు ఆవిడ పల్లీల చట్నీ కోసం మిక్సీ వేసింది. తెర గుటుక్కుమంది. మిక్సీ ఆపింది. తెర వచ్చింది. మళ్ళీ వేసింది. మళ్ళీ పోయింది.

"దొరికింది!" అని అరిచాను. మిక్సీ కరెంటు లాగేస్తోంది, ఆ కాస్త తేడాకి కూడా ఈ పెట్టెలోని పవర్ సప్లై తట్టుకోలేకపోతోంది, అంటే మావాడు నాసిరకం పవర్ సప్లై వేశాడు. ఇదీ నా తీర్పు. ఆఫీసులో ఎవరైనా పరీక్షించకుండా ఇలా తేల్చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లో నేనే ఆ పని చేశాను.

వెంటనే ఫోన్ చేశాను. "ఏరా, ఆ పవర్ సప్లై ఎక్కడ కొన్నావు? ఎవరి గరాజ్ సేల్‌లోనో, పాత సామాన్లలోనా?"

"అదేంటి బావా, మంచిదే వేశాను. మిక్సీకి పడిపోయేంత వీక్ కాదది. ఒక్కసారి వెనకాల కేబుల్ పీకి, లోపల ఏమైనా అడ్డుందేమో చూసి, మళ్ళీ పెట్టు."

"కేబుల్ కొత్తదే మార్చాను. నాకు కేబుల్ పెట్టడం కూడా రాదంటావా?"

"అయ్యో, అలా అన్లేదు. నేనే వీకెండ్ వచ్చి చూస్తాలే."

"వద్దులే నాయనా, నువ్వు చేసింది చాలు."

నేను సరదాగా అన్నాననే అనుకున్నాను. అవతల అతను "సరే బావా" అని పెట్టేశాడు.

ఇక్కడ మా తెలుగు బడి సంగతి చెప్పాలి. ఒక చర్చి కింద హాలు అద్దెకి తీసుకుని ఆదివారాలు పిల్లలకి తెలుగు చెబుతాం. ఆ ఏడు కమిటీవాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. హాలు పక్క గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి, పిల్లల చేత తెలుగులో టైపు చేయించాలి, వాళ్ళు చెప్పే కథలని చిన్న చిన్న వీడియోలుగా తీయించాలి. ఆ కంప్యూటర్లని మా బామ్మర్ది బిగిస్తానన్నాడు. అనడమేమిటి, అప్పట్నుంచి వాడి నోట మరో మాట లేదు. ఏ భాగం ఎక్కడ దొరుకుతుందో వెతకడం, వాళ్ళక్కకి ఫోన్ చేసి గంటలు గంటలు చెప్పడం. "పిల్లల ముందే బిగిస్తానక్కా. వాళ్ళ చేతే స్క్రూలు తిప్పిస్తా. లోపల ఏముందో చూస్తే ఇంక భయముండదు." ఉద్యోగంలో వాడి భుజం ఎవరూ తట్టింది లేదు. ఈ గది మాత్రం నలుగురూ చూసేలా వాడి చేతి మీదుగా తయారవబోతోంది.

బడిలో తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ రోజున నా చేతిలో పులిహోర ప్లేటు ఉంది. చుట్టూ మనుషులున్నారు. కమిటీ పెద్దాయన అడిగారు.

"మీ బామ్మర్దే కదండీ మనకి అసెంబుల్ చేసేది? మీ ఇంట్లో చేసింది ఎలా ఉంది?"

"దాని గురించి అడక్కండి," అన్నాను. "మా ఆవిడ మిక్సీ వేస్తే మావాడి కంప్యూటర్ మూర్ఛపోతుంది. మా ఇంట్లో చట్నీ అయినా ఉండాలి, కంప్యూటర్ అయినా ఉండాలి. రెండూ కుదరవు."

అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వు నాకు బాగా రుచించింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"అంటే పవర్ సప్లైలో ప్రాబ్లమా?"

"సప్లై ఏమిటి, మొత్తం డబ్బాయే లెండి!"

"పిల్లలు వాడేవి కదా మరి... వచ్చే ఆదివారం మీటింగ్‌లో ఇంకోసారి డిస్కస్ చేద్దాం."

అప్పుడు చూశాను. మా బామ్మర్ది అక్కడే, నీళ్ళ క్యాను దగ్గర వంగి, పిల్లలకి గ్లాసుల్లో నీళ్ళు పడుతున్నాడు. తల ఎత్తలేదు. గ్లాసు నిండి చెయ్యి తడుస్తున్నా క్యాను కుళాయి కట్టలేదు.

కార్లో నా భార్య అంది: "వాడు విన్నాడు."

"జోక్ వేశానంతే."

"మీరు జోకే వేశారు. వాళ్ళు జోక్‌గా తీసుకోలేదు."

ఆ వారం మా ఇంటికి అతని ఫోన్ రాలేదు.

మళ్ళీ శనివారం వచ్చింది. మర్నాడే కమిటీ మీటింగ్. మా కింది ఇంట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. మిక్సీ చప్పుడు భరించలేకపోతున్నానని అపార్ట్‌మెంట్ ఆఫీసులో చెప్పిందట. అందుకని ఆ మధ్యాహ్నం కందిపొడి కొట్టడానికి ముందు నా భార్య ఒక మందపాటి తువ్వాలుని నాలుగు మడతలు వేసి మిక్సీ కింద పెట్టింది. నేను హాల్లో ఏదో చూసుకుంటున్నాను.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి."

"ఏమైంది?"

"ఏమీ అవలేదు. అందుకే పిలిచాను."

వెళ్ళాను. ఆవిడ మిక్సీ వేసింది. అమ్మాయి తెర వైపు చూస్తోంది. తెర మీద పిల్లి గోడ మీద నిలబడే ఉంది.

"మిక్సీ తిరిగింది. తెర పోలేదు," అంది నా భార్య. "ఈ రోజు కొత్తగా చేసింది ఒక్కటే, తువ్వాలు. తువ్వాలు కరెంటుని ఆపుతుందా?"

నా తలలో ఏదో కదిలింది. పెద్ద ప్రోగ్రాంలో రోజుల తరబడి వెతికిన తప్పు ఇంకో రెండు వరుసల కింద ఉందని ముందే ఒంటికి తెలుస్తుంది చూడండి, అలాంటి కదలిక.

"తువ్వాలు తియ్యి," అన్నాను.

తీసింది. మిక్సీ వేసింది.

"పోయింది!" అని అరిచింది అమ్మాయి.

"పెట్టు!"

పెట్టింది. వేసింది.

"ఉంది! నాన్నా, ఉంది!"

"తియ్యి!"

"పోయింది!"

నేను బాత్‌రూమ్‌లోని ప్లగ్ నుంచి పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు లాక్కొచ్చాను. ఈ ఇళ్ళలో వంటింటి కరెంటు లైను వేరు, బాత్‌రూమ్ లైను వేరు. మిక్సీని ఆ వైరుకి తగిలించి, తువ్వాలు లేకుండా గట్టు మీదే పెట్టి తిప్పాం. నా కరెంటు సిద్ధాంతం నిజమైతే ఇప్పుడు తెర పోకూడదు. పోయింది! అప్పుడు నా భార్య మిక్సీని పసిపిల్లాడిని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో గట్టు మీంచి పైకెత్తి, మూత గడ్డంతో అదిమి పట్టుకుని, "వెయ్యండి!" అంది. వేశాను. ఆవిడ భుజాలూ బుగ్గలూ వణికాయి. తెర వణకలేదు.

"అయితే కరెంటు కాదు," అన్నాను.

"కాదు," అంది, ఊపిరి పీల్చుకుంటూ. "దించెయ్యనా? పళ్ళు ఊడేలా ఉన్నాయి."

సరిగ్గా అప్పుడే మా కాళ్ళ కింద నుంచి డబ్, డబ్, డబ్ మని మోత. కింది ఆవిడ చీపురు కర్రతో తన సీలింగ్‌ని పొడుస్తోంది. అంటే మా నేలని. సరిగ్గా బల్ల కింద. ప్రతి డబ్‌కీ తెర ఆరి వెలిగింది, ఆరి వెలిగింది.

ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఓ మై గాడ్," అంది అమ్మాయి. "నాన్నా, ఆవిడని మళ్ళీ కొట్టమను!"

"ఇంకొక్కసారి మిక్సీ వెయ్యి," అన్నాను నా భార్యతో.

"పాపమండీ ఆవిడ!"

"ఒక్కసారి! సైన్స్ కోసం!"

వేసింది. కింద నుంచి ఇంకా కోపంగా డబ్ డబ్ డబ్. తెర ఆరింది, వెలిగింది, ఆరింది. నేను నిజంగా గెంతాను. చీపురు కర్రలో కరెంటు లేదు కదా! ఉన్నదల్లా అదురు. మిక్సీ అదురుకి గట్టు అదురుతోంది, గట్టుకి ఆనిన బల్ల అదురుతోంది, బల్ల మీది పెట్టెలో ఏదో ఒకటి ఆ అదురుకి వదులై తెరకి అందాల్సింది అందకుండా పోతోంది. హాల్లో టీవీకి తగిలించినప్పుడు ఎందుకు బాగా నడిచిందో అప్పుడు అర్థమైంది. అక్కడ మిక్సీ లేదు.

పెట్టెని వెనక్కి తిప్పాను. కేబుల్‌ని వేలితో మెల్లిగా తాకాను.

"పోయింది," అంది అమ్మాయి.

వేలు తీశాను.

"వచ్చింది."

కేబుల్ పీకి, ఫోన్ టార్చి వేసి, ఆ సన్నటి రంధ్రంలోకి చూశాను. లోపల ఒక మూల పసుప్పచ్చగా మెరిసింది. బంగారు పూత పూసిన కాంటాక్ట్ కాబోలు అనుకున్నాను. అమ్మాయి నన్ను పక్కకి నెట్టి చూసింది.

"నాన్నా, ఇట్స్ రైస్."

"రైస్ ఏమిటి?"

"రైస్! ఎల్లో రైస్!"

నా భార్య లోపలికి పరిగెత్తి కనుబొమలు తీసుకునే ప్లక్కర్ తెచ్చింది. పెట్టె కరెంటు తీసేశాను. ప్లక్కర్ రెండుసార్లు జారింది. మూడోసారికి పట్టు చిక్కింది. లాగాను. పసుపు కలిపిన బియ్యపు గింజ ఒకటి వచ్చి నా భార్య అరచేతిలో పడింది.

ఆవిడ దాన్ని చూసింది. నన్ను చూసింది.

"అక్షింత," అంది.

ఇంక ఎవరూ వివరించక్కర్లేదు. దసరాలకి ఆయుధపూజ నాడు మా ఇంట్లో పుస్తకాలు, కారు తాళాలు, నా లాప్‌టాప్, నా భార్య కుట్టుమిషను అన్నీ దేవుడి ముందు పెడతాం. ఆ ఏడు కొత్త కంప్యూటర్ వచ్చింది కదా, దాన్ని కూడా పెట్టాలన్నది నేనే. వైర్లన్నీ పీకింది నేను. దాని దీపాలున్న అద్దం వైపు అమ్మవారికి కనపడాలని తిప్పి, వెనక భాగం మా వైపు వచ్చేలా కూర్చోబెట్టింది నేను. బొట్టు పెట్టింది నేను. "చాలండీ, కాస్త నెమ్మదిగా," అని ఆవిడ అంటున్నా, కొత్త వస్తువు మీద ప్రేమకొద్దీ గుప్పెడు గుప్పెడు అక్షింతలు వేసింది నేను. పూజయ్యాక కేబుళ్ళు తిరిగి పెట్టింది కూడా నేనే. ఒకటి బిగువుగా ఉంటే, కొత్తది కదా అనుకుని, గట్టిగా నొక్కింది నేను. ఆ తర్వాత కొత్త కేబుల్‌ని కూడా అదే రంధ్రంలో, అదే గింజ మీదకి, అంతే గట్టిగా నొక్కాను. రంధ్రంలోకి ఒక్కసారైనా చూడలేదు.

బామ్మర్ది ఫోన్‌లో చెప్పిన ఒకే ఒక్క మాట, కేబుల్ పీకి చూడమని. పీకి లోపలికి చూసి ఉంటే ఆ రోజే అయిపోయేది.

కానీ ఆ నిమిషాన సిగ్గు ఇంకా నన్ను చేరుకోలేదు. కేబుల్ పెట్టాను. అబ్బ, ఈసారి ఎంత లోపలికి వెళ్ళిందనీ! మెత్తగా వెళ్ళి కూర్చుంది. ఇన్నాళ్ళూ అది సగం గుమ్మంలోనే నిలబడి ఉందన్నమాట. స్విచ్ వేశాను. తెర వెలిగింది. తువ్వాలు తీసేసి, మిక్సీని ఫుల్లు స్పీడులో పెట్టాను. పిల్లి గోడ మీంచి దూకింది, నేల మీద వాలింది, తోక ఊపింది. తెర కన్ను ఆర్పలేదు. అమ్మాయి ఈలలు, నా భార్య చప్పట్లు, మిక్సీ రొద, అన్నీ కలిసి ఇల్లు తిరణాలయింది.

తలుపు చప్పుడైంది. కింది ఆవిడ. చేతిలో చీపురు కూడా ఉంది. నేను ఆవిడ తిట్టేలోపే చెయ్యి పట్టుకున్నంత పని చేసి లోపలికి పిలిచి, జరిగిందంతా చెప్పాను. ఆవిడ తెరనీ, మిక్సీనీ, మా మొహాలనీ మార్చి మార్చి చూసింది.

"సో, మై బ్రూమ్ ఫిక్స్‌డ్ ఇట్?"

"యెస్!" అన్నాం ముగ్గురం.

ఆవిడ చీపురుని ఒకసారి గర్వంగా చూసుకుంది. నెక్స్ట్ టైమ్ ఫోన్ చేస్తే చాలని చెప్పి దిగి వెళ్ళిపోయింది.

"వాడికి చెప్పండి," అంది నా భార్య. ఫోన్ చేశాను. ఎత్తలేదు. "రేపు మీటింగ్‌లో అందరి ముందూ చెప్తాను," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మర్నాడు మీటింగ్‌కి మా బామ్మర్ది రాలేదు. నేను లేచి నిలబడ్డాను.

"మొన్న మా కంప్యూటర్ గురించి అన్నాను కదండీ. అది బాగైంది. పవర్ సప్లైది తప్పేమీ లేదు. వెనకాల కేబుల్ సరిగ్గా కూర్చోలేదు. అంతే."

వెనక నుంచి ఎవరో అన్నారు: "అయితే అసెంబుల్ చేసినప్పుడే సరిగ్గా పెట్టలేదన్నమాట."

కాదు, పెట్టింది నేను అనాలి. గింజ వేసింది నేను అనాలి. మాట గొంతు దాకా వచ్చింది. ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్ల మీద బతుకుతున్న మనిషి తన కంప్యూటర్ వెనకాలే అక్షింతలు పోసుకున్నాడని ఈ హాలంతా నవ్వుతుందన్న ఊహ కూడా దాని వెనకాలే వచ్చింది.

"చిన్న విషయమే లెండి," అన్నాను. కూర్చున్నాను.

పెద్దాయన అందరి వైపూ చూశారు. "పిల్లల దగ్గర రిస్క్ ఎందుకు? స్టోర్‌లో రెడీమేడ్‌వి తీసుకుందాం." చేతులు లేచాయి. నా పక్కన నా భార్య చెయ్యి ఎత్తలేదు.

ఆ సాయంత్రం అమ్మాయి మామయ్యకి స్పీకర్ పెట్టి ఫోన్ చేసి కథంతా చెప్పింది. అతను పగలబడి నవ్వాడు. "అక్షింతా? బావ వేసిందా? చీపురుతో దొరికిందా?" నవ్వీ నవ్వీ ఆగాడు. "మరి నాన్న ఈ రోజు అక్కడ చెప్పాడా?"

అమ్మాయి నా వైపు చూసింది. దానికి అబద్ధం చేతకాదు.

"హాఫ్ చెప్పాడు, మామయ్యా."

"సర్లే," అన్నాడు. "పోనీలే."

ఆ తర్వాత అతను మా ఇంటికి వస్తూనే ఉన్నాడు. భోంచేసేవాడు, నన్ను ఆటపట్టించేవాడు, అమ్మాయి బొమ్మలు చూసి మెచ్చుకునేవాడు. కంప్యూటర్ల ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. ఆ వేసవిలో స్క్రూల కోసం పట్టుకెళ్ళిన పోపుల డబ్బాని ఒకరోజు శుభ్రంగా తోమి తెచ్చి ఇచ్చేశాడు. "ఇంక అవసరం లేదక్కా," అన్నాడు. బిగించమని అతన్ని అంతకు ముందు అడిగినవాళ్ళు కూడా ఆ పాట్‌లక్ తర్వాత ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఆ సంగతి నాకు ఇతరుల ద్వారానే తెలిసింది. అతను చెప్పలేదు.

రెండేళ్ళు గడిచాయి. మొన్నీమధ్య ఒక ఆదివారం క్లాసులు అయిపోయాక హాల్లో పెద్దవాళ్ళం మిగిలాం. ఇప్పుడు మా బామ్మర్ది కొడుకు కూడా బడిలో చేరాడు కాబట్టి అతనూ అక్కడే ఉన్నాడు, మడత కుర్చీలు మడిచి గోడకి చేరేస్తూ. మాట కంప్యూటర్ల మీదకి వెళ్ళింది. రెడీమేడ్‌వి వీడియోల దగ్గర నత్తనడక నడుస్తున్నాయని, పిల్లలు విసిగిపోతున్నారని ఒక టీచరమ్మ చెప్పింది.

"ఈసారి అసెంబుల్ చేయించుకుంటే?" అన్నారెవరో.

"అమ్మో, వద్దు బాబూ! వీళ్ళింట్లో ఏమైందో గుర్తులేదా? మిక్సీ వేస్తే మూర్ఛ!"

నా జోకే. నా మాటలే. రెండేళ్ళయినా చెక్కుచెదరలేదు. నలుగురు నవ్వారు. మా బామ్మర్ది ఇంకో కుర్చీ మడిచాడు.

నేను లేచాను.

"ఆ రోజు నేను మీకు సగమే చెప్పాను," అన్నాను. గొంతు పెద్దదే వచ్చింది. "కేబుల్ సరిగ్గా కూర్చోలేదు, నిజమే. కానీ అది పెట్టింది ఇతను కాదు. ఇతను బిగించినప్పుడు అది నిక్షేపంగా ఉంది. వేసవంతా పనిచేసింది. దసరాకి దాన్ని పూజలో పెట్టి, వైర్లన్నీ పీకి, వెనకాల అక్షింతలు చల్లింది నేను. ఒక గింజ రంధ్రంలో పడితే దాని మీదే కేబుల్ నొక్కింది నేను. ఇతను పీకి చూడమని చెప్పాడు కూడా. నేను వినలేదు. వినకపోగా మీ అందరి ముందూ డబ్బా అన్నాను. ఆ కంప్యూటర్ ఈ రోజుకీ మా ఇంట్లో నడుస్తోంది. దాని మీదే మా అమ్మాయి గీస్తోంది."

నేను రెండేళ్ళు భయపడిన నవ్వు వచ్చింది. పెద్ద నవ్వే. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"ఈ మాట అప్పుడే చెప్పొచ్చు కదండీ!" అన్నారు పెద్దాయన.

"నవ్వుతారని చెప్పలేదు."

"ఇప్పుడు నవ్వట్లేదా?"

"నవ్వుతున్నారు," అన్నాను. ఆశ్చర్యం, నాకు కూడా నవ్వొచ్చింది. ఆ శనివారం నాటి హుషారు మళ్ళీ ఒంట్లోకి పాకింది. చీపురు సంగతి కూడా చెప్పాను.

మా బామ్మర్ది మాత్రం నవ్వలేదు. చేతిలో కుర్చీ అలాగే ఉంది. పెద్దాయన అతని వైపు తిరిగారు.

"ఏమయ్యా, మా వల్ల పొరపాటు జరిగింది. ఇప్పుడు చేస్తావా?"

"అప్పుడు చూసిన పార్ట్స్ ఇప్పుడు దొరకవండీ," అన్నాడు మెల్లిగా. "అన్నీ మారిపోయాయి. మళ్ళీ మొదట్నుంచి చూడాలి."

"ముందు ఒకటి చేసి చూద్దాం, పోనీ."

"ఒకటెందుకండీ? పిల్లలు కొట్టుకుంటారు." కుర్చీ కింద పెట్టాడు. "వీడియో పనికైతే డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టాలి, మిగతావాటి మీద తగ్గించుకోవచ్చు. పాత మానిటర్లు ఉన్నాయిగా, అవి చాలు. పిల్లల ముందే బిగిస్తే... ఆగండి, చూపిస్తాను."

తెల్లబోర్డు దగ్గరికి వెళ్ళాడు. గుణింతాలు తుడిచేసి, మార్కర్ తీసుకుని ఒక పెట్టె బొమ్మ గీశాడు. దాని లోపల ఇంకో పెట్టె. ఏది ఎక్కడ కూర్చుంటుందో, గాలి ఎటు నుంచి ఎటు వెళ్తుందో బాణాలు వేశాడు. టీచరమ్మ ఏదో అడిగింది. ఆయనెవరో ఇంకేదో అడిగారు. ఒక్కొక్కరే లేచి బోర్డు చుట్టూ చేరారు. నా భార్య కూడా వెళ్ళి తమ్ముడి పక్కన నిలబడింది. అతను మాట్లాడుతున్నాడు, చేతులు తిప్పుతున్నాడు, గీసింది చెరిపి మళ్ళీ గీస్తున్నాడు. ఆ గొంతులో ఇంత హుషారు విని రెండేళ్ళయింది.

మిగిలిన కుర్చీలు నేను మడిచాను.